‘తొలిదశ’ అనే మాట వెనుక

2016లో ఒకనాటి సాయంకాలం హోసూరు నుంచి మా అక్క ఫోను చేసింది. "రేయ్, స్కాను కాగితం ఇచ్చినారు. అంతా ఇంగ్లీషులోనే ఉంది. డాక్టరమ్మ గబగబా ఏమో చెప్పి పంపించేసింది. నువ్వు బ్యాంకులో అంత పెద్ద పెద్ద కాగితాలు చదువుతావు గదా, ఇందులో ఏముందో చదివి చెప్పు" అంది.

మా వైపు బతుకులు పాఠకులకు తెలిసినవే. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడం, ఆఫీసులో అరవం, ఆసుపత్రి కాగితంలో ఇంగ్లీషు. నాలుగు భాషలూ వచ్చినవాళ్ళం అనుకుంటాం గానీ, ఒంట్లో నొప్పి చెప్పుకోవలసి వచ్చినప్పుడు నోటికొచ్చేది ఒక్కటే. మేనల్లుడు ఆ కాగితం ఫోటో తీసి పంపాడు. ఎడమ అండాశయంలో తొమ్మిది సెంటీమీటర్ల తిత్తి, అందులో కొంత గట్టి భాగం ఉందని రాసి ఉంది. "నీటిబుడగేనంట, చిన్న రంధ్రాలు పెట్టి తీసేస్తారంట" అంది అక్క. నేను కూడా సరేనన్నాను.

తీశారు. పదిరోజుల తరువాత ప్రయోగశాల నివేదికలో క్యాన్సరని వచ్చింది. ఆపరేషన్ కాగితం చివర ఒక చిన్న వాక్యం ఉంది: తీసేటప్పుడు తిత్తి పగిలింది. అంతకు మించి వివరం లేదు. ఆ నర్సింగ్ హోమ్ పేరు ఇక్కడ అనవసరం. అటువంటివి ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి.

అక్కను చెన్నై తీసుకువెళ్ళాం. అక్కడి క్యాన్సర్ వైద్యుడు కాగితాలన్నీ ఒకటికి రెండుసార్లు తిరగేసి మూడు ప్రశ్నలు అడిగాడు. తిత్తి పగలకముందు పొట్ట లోపల కడిగిన నీటిని పరీక్షకు పంపారా? కడుపులో మిగతా చోట్ల చూశారా? రెండో అండాశయం ఎలా ఉంది? మూడింటికీ మా దగ్గర జవాబు లేదు. "తొలిదశే కదండీ డాక్టరుగారూ?" అన్నాను ఆశగా. "వెతికిన తరువాత చెబుతాను" అన్నాడాయన.

ఆ ఒక్క మాట అర్థం కావడానికి నాకు చాలాకాలం పట్టింది. నేను వైద్యుణ్ణి కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరి ముప్ఫై ఏళ్ళుగా లెక్కలు చూస్తున్నవాణ్ణి. అయితే ఆ రోజు నుంచి దొరికిన పుస్తకమల్లా చదివాను. చదివినకొద్దీ ఈ మాట వెనుక రెండువందల ఏళ్ళ చరిత్ర ఉందని తెలిసింది. అందులో నాకు అర్థమైనంత మేరకు పాఠకులతో పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

*

కథ అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, డాన్విల్ అనే చిన్న ఊళ్ళో మొదలవుతుంది. 1809 డిసెంబరు. జేన్ టాడ్ క్రాఫర్డ్ అనే నలభయ్యారేళ్ళ గృహిణికి పొట్ట పెరిగింది. గర్భమేనని ఆ ఊరివాళ్ళు అనుకున్నారు. చూడటానికి వచ్చిన ఇఫ్రాయిమ్ మెక్‌డోవెల్ అనే వైద్యుడు అది గర్భం కాదు, అండాశయంలో పెరిగిన గడ్డ అన్నాడు. పొట్ట కోసి దాన్ని తీసి రోగి బతికిన దాఖలా ఆనాడు లేదు. పొట్ట కోస్తే మరణమేనన్నది పెద్ద పెద్ద వైద్యుల మాట. మెక్‌డోవెల్ ఆ సంగతి ఆమె దగ్గర దాచలేదు. ఇది ప్రయోగమే, ఒప్పుకుంటే మా ఊరికి రమ్మన్నాడు. ఆమె ఆ చలికాలంలో అరవై మైళ్ళు గుర్రం మీద వచ్చింది.

క్రిస్మస్ నాడు ఆపరేషన్ జరిగింది. మత్తుమందు అప్పటికింకా లేదు. ఆమె బైబిలులోని కీర్తనలు వల్లిస్తూ బల్ల మీద పడుకుందట. ఇరవై అయిదు నిమిషాల్లో ఇరవై రెండున్నర పౌన్ల గడ్డ, అంటే సుమారు పది కిలోలు, బయటికి వచ్చింది. అయిదో రోజున వైద్యుడు వెళ్ళి చూస్తే ఆమె తన పక్క తానే సర్దుకుంటూ ఉంది. ఇరవై అయిదు రోజులకు ఇంటికి వెళ్ళిపోయింది. ఆ తరువాత ముప్ఫై రెండేళ్ళు బతికి 1842లో కన్నుమూసింది. ఆమెకు ఆపరేషన్ చేసిన వైద్యుడు అంతకు పన్నెండేళ్ళ ముందే, 1830లో పోయాడు.

ఆమె గడ్డ క్యాన్సర్ కాకపోవచ్చుననే ఈనాటి వైద్యుల అభిప్రాయం. ఆ ముప్ఫై రెండేళ్ళను బట్టి చూసినా అది నిజమే అనిపిస్తుంది. మెక్‌డోవెల్ 1817లో మూడు కేసుల గురించి వ్యాసం రాశాడు. మిగతా ఇద్దరూ నల్లజాతి స్త్రీలు. జేన్ పేరు చరిత్రలో నిలిచినట్టు వారి పేర్లు నిలవలేదు. వైద్యచరిత్ర అనే పెద్దపద్దులో జమ రాసినవాళ్ళ పేర్లే కనిపిస్తాయి. ఖర్చయినవాళ్ళ పేర్లు తరచు కనిపించవు.

ఆ తరువాత అడుగు మత్తుమందు. 1846లో బోస్టన్‌లో ఈథర్, 1847లో ఎడింబరోలో క్లోరోఫాం వచ్చాయి. ఈ చోట మన తెలుగుదేశానికి ఒక చిన్న పాత్ర ఉంది. క్లోరోఫాం ఇచ్చినప్పుడు కొందరు హఠాత్తుగా చనిపోతుండేవారు. ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్న వివాదం ఇంగ్లండులో తేలక, హైదరాబాదులో రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ పట్టుదలతో, నిజాం మహబూబ్ అలీఖాన్ ఇచ్చిన డబ్బుతో 1888లో, 1889లో రెండు కమిషన్లు కూర్చున్నాయి. ఊపిరి చూసుకుంటే చాలు, గుండెకు భయం లేదని అవి తేల్చాయి. ఆ తీర్పు తప్పని, క్లోరోఫాం గుండెను నేరుగా ఆపగలదని 1911లో లెవీ అనే శాస్త్రజ్ఞుడు చూపించాడు. కమిటీ సంతకం పెట్టినంత మాత్రాన లెక్క సరైపోదన్న పాఠం బ్యాంకువాళ్ళకు కొత్తది కాదు.

1867లో లిస్టర్ క్రిమినాశక పద్ధతిని ప్రకటించాక పొట్ట ఆపరేషన్లలో చీము పట్టి చనిపోవడం తగ్గింది. లండనులో స్పెన్సర్ వెల్స్ 1880 నాటికి వెయ్యి అండాశయ ఆపరేషన్లు పూర్తి చేశాడు. తన ఫలితాలను, మరణాలతో సహా, అచ్చువేసి బయటపెట్టడం ఆయన పద్ధతి. గడ్డను తీయడం అప్పటికి సాధ్యమైంది. కాని తీసిన గడ్డ క్యాన్సరైతే అది మళ్ళీ ఎందుకు వస్తోంది? ఈ ప్రశ్న ఇరవయ్యో శతాబ్దానికి మిగిలింది.

*

ఇక్కడే ‘దశ’ అనే మాట వస్తుంది. ప్రసూతి, స్త్రీవ్యాధి వైద్యుల అంతర్జాతీయ సమాఖ్య ‘ఫిగో’ అండాశయ క్యాన్సరుకు నాలుగు దశలు నిర్ణయించింది. 1988లో, మళ్ళీ 2014లో వాటిని సవరించింది. స్థూలంగా చెప్పాలంటే క్యాన్సర్ అండాశయాలకు లేదా వాటి పక్క నాళాలకు పరిమితమైతే మొదటి దశ. కటిభాగంలో పక్క అవయవాలకు పాకితే రెండో దశ. కటి దాటి పొట్ట లోపలి పొరకో, లింఫు గ్రంథులకో చేరితే మూడోది. కాలేయం లోపలికో, ఊపిరితిత్తులకో ఇంకా దూరం పోతే నాలుగోది.

మొదటి దశలోనూ మెట్లున్నాయి. ఒక అండాశయంలోనే ఉండి, పైపొర చెక్కుచెదరకుండా ఉంటే ‘ఎ’. రెండింటిలోనూ ఉంటే ‘బి’. ‘సి’ అంటే మూడు రకాలు: ఆపరేషన్ చేస్తుండగా తిత్తి పగలడం, అంతకు ముందే పగలడం లేదా గడ్డ అండాశయం పైపొరకు రావడం, పొట్టలోని నీటిలో క్యాన్సర్ కణాలు కనిపించడం. మా అక్క కాగితం చివరనున్న ఆ ఒక్క వాక్యం ఆమెను ‘ఎ’ నుంచి ‘సి’కి దించింది. అందుకే అనుమానం ఉన్న తిత్తిని పగలకుండా మొత్తంగా తీయాలంటారు. దానిలో సూది గుచ్చి నీరు లాగవద్దంటారు.

మరి ‘వెతికిన తరువాత చెబుతాను’ అని వైద్యుడు ఎందుకన్నాడు? 1983లో అమెరికాలో రాబర్ట్ యంగ్, ఆయన సహచరులు ఒక పరిశీలన ప్రచురించారు. తొలిదశ అని చెప్పి పంపిన వంద మంది స్త్రీలను మళ్ళీ పద్ధతి ప్రకారం పరీక్షించారు. అందులో ముప్ఫై ఒక్కరికి వ్యాధి అంతకన్నా ముదిరి ఉంది. ఆ ముప్ఫై ఒక్కరిలో ఎక్కువమందిది నిజానికి మూడో దశ. అంటే ప్రతి పదిమందిలో ముగ్గురికి వైద్యులు నమ్మి, రోగులు నమ్మి, తప్పు పేరుతో వైద్యం నడిచింది.

ఇది చదివినప్పుడు నాకు బి.కాం. మొదటి సంవత్సరం గుర్తొచ్చింది. ట్రయల్ బ్యాలెన్సు కుదిరింది గనుక ఖాతాలన్నీ సరైనవే అనుకోరాదు, అసలు పుస్తకంలోకే ఎక్కని పద్దును ట్రయల్ బ్యాలెన్సు పట్టుకోలేదు అని మా మేస్టారు పదేపదే చెప్పేవారు. తొలిదశ అన్న మాట కూడా అంతే. కనిపించలేదనడం వేరు, వెతికి చూశాం, లేదనడం వేరు. వెతకడం అంటే గర్భసంచి, రెండు అండాశయాలు, నాళాలు తీయడంతో పాటు పొట్ట కడిగిన నీరు, పేగులను కప్పి ఉండే కొవ్వుపొర, పొట్ట లోపలి పొర నుంచి అక్కడక్కడ ముక్కలు, లింఫు గ్రంథులు పరీక్షకు పంపడం. పిల్లలు కావాలనుకునే చిన్నవయసు స్త్రీకి వ్యాధి ఒక అండాశయానికే పరిమితమైతే రెండోదాన్ని, గర్భసంచిని నిలిపి ఉంచవచ్చు. అది కూడా వెతికిన తరువాతనే తీసుకోవలసిన నిర్ణయం.

*

ఇక మందుల సంగతి. 1965లో అమెరికాలోని మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో బార్నెట్ రోజెన్‌బర్గ్ బాక్టీరియా మీద విద్యుత్తు ప్రభావం ఎలా ఉంటుందో చూస్తున్నాడు. బాక్టీరియా రెండుగా చీలడం మానేసి దారాల్లా పొడవుగా పెరిగిపోయింది. కారణం విద్యుత్తు కాదని, తాను వాడిన ప్లాటినం తీగల నుంచి పుట్టిన పదార్థమని ఆయన కనిపెట్టాడు. అదే సిస్‌ప్లాటిన్. ఈ పదార్థాన్ని ఇటలీవాడైన పెరోనే అప్పటికి నూట ఇరవై ఏళ్ళ ముందే తయారు చేశాడు గానీ దాని ఉపయోగం ఎవరికీ తెలియదు. 1978లో అమెరికా ప్రభుత్వం దాన్ని మందుగా అనుమతించింది. అది మూత్రపిండాలను దెబ్బతీసేది, వాంతులతో మనిషిని వంచేసేది. దానికన్నా సౌమ్యమైన కార్బోప్లాటిన్ లండనులో రూపొంది, 1989లో అమెరికాలోనూ వాడకానికి వచ్చింది.

రెండో మందు చెట్టు బెరడులో దొరికింది. అమెరికా పశ్చిమతీరపు అడవుల్లో పెరిగే యూ చెట్టు బెరడును 1962లో సేకరించి పరీక్షించారు. అందులోని టాక్సాల్ నిర్మాణాన్ని 1971లో ప్రకటించినవారు మన్రో వాల్, మన్సుఖ్ వాని. ఈ వాని మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టి, బొంబాయిలో చదివి అమెరికా వెళ్ళినవాడు. అండాశయ క్యాన్సరుకు ఆ మందును 1992లో అనుమతించారు. మా అక్క జుట్టు రాలిపోయింది ఆ మందుతోనే. ఆమె బతికి ఉండటంలోనూ దానికి పాలు ఉందని నా నమ్మకం.

క్యాన్సరును మందుతో లొంగదీయవచ్చునన్న ఆలోచనకు తొలినాళ్ళలో బలమిచ్చినవారిలో మనవాడొకడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టి, మదరాసు వైద్యకళాశాలలో చదివి, 1923లో అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన బృందం తయారుచేసిన అమినాప్టెరిన్‌తో 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సరును తాత్కాలికంగానైనా వెనక్కు నెట్టాడు. దాని తోబుట్టువు మెథోట్రెక్సేట్‌తో 1956లో గర్భసంబంధమైన ఒక క్యాన్సరు నయమైంది. అప్పటికి సుబ్బారావు పోయి ఎనిమిదేళ్ళు.

అందరికీ మందు అవసరమా? ఇదీ లెక్కతో తేలిన విషయమే. 1990లో యంగ్ బృందమే ప్రకటించిన పరీక్షలో, బాగా వెతికి ‘ఎ’ లేదా ‘బి’ అని తేలి, కణాలు అంత ఉగ్రంగా లేనివారిలో మందు ఇవ్వనివారిలో నూటికి 94 మంది, ఇచ్చినవారిలో 98 మంది అయిదేళ్ళ తరువాత జీవించి ఉన్నారు. ఆ తేడా మందువల్లనే అనదగినంత పెద్దది కాదు. కనుక వారికి ఆపరేషనే చాలు. 2003లో ఐరోపాలో జరిగిన ఐకాన్-1, యాక్షన్ అనే రెండు పరీక్షలను కలిపి చూశారు. మొత్తం 925 మంది తొలిదశ స్త్రీలు. ఆపరేషన్ తరువాత వెంటనే ప్లాటినం మందు ఇచ్చినవారిలో 82 శాతం, ఇవ్వనివారిలో 74 శాతం అయిదేళ్ళు దాటారు. ఇందులో ఒక మెలిక ఉంది. యాక్షన్ పరీక్షలో పూర్తిగా వెతికినవారు మూడోవంతు మందే. మందువల్ల లాభం ముఖ్యంగా సరిగా వెతకనివారిలోనే కనిపించింది. అంటే ఆపరేషన్ బల్ల మీద చేయని తనిఖీకి మందు సీసా పరిహారం చెల్లించింది.

*

మదరాసు రాష్ట్రంలో క్యాన్సర్ వైద్యం నెలకొన్న కథ ఒక అక్కతో ముడిపడి ఉంది. పుదుక్కోట్టైలో పుట్టి, 1912లో మదరాసు వైద్యకళాశాల నుంచి పట్టం పుచ్చుకున్న డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి తన సోదరి క్యాన్సరుతో చనిపోవడం కళ్ళారా చూసింది. దానికొక ఆసుపత్రి కావాలని దశాబ్దాల తరబడి తిరిగింది. 1952లో నెహ్రూ శంకుస్థాపన చేశాడు. 1954లో అడయారులో పన్నెండు పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. మరుసటేడు అక్కడ చేరిన డాక్టర్ వి. శాంత 2021లో కన్నుమూసేదాకా ఆ సంస్థకే అంకితమైంది. బళ్ళారి నుంచి, చిత్తూరు నుంచి, మా కృష్ణగిరి జిల్లా నుంచి రైలెక్కి అక్కడికి వెళ్ళిన తెలుగు కుటుంబాలు మన పాఠకులకు తెలియనివి కావు.

*

ఇక పాఠకులు అడగబోయేది నాకు తెలుసు. ముందే కనిపెట్టడానికి ఏటేటా చేయించుకోవలసిన పరీక్ష లేదా? లేదనే చెప్పాలి. సి.ఎ. 125 అనే రక్తపరీక్ష 1980ల నుంచి ఉంది. కాని మొదటి దశలో ఉన్నవారిలో సుమారు సగంమందికి అది పెరగదు. క్యాన్సర్ లేనివారిలోనూ ఇతర కారణాల వల్ల పెరుగుతుంది. బ్రిటన్‌లో రెండు లక్షలమందికి పైగా స్త్రీలను 2001 నుంచి చేర్చుకుని ఏళ్ళ తరబడి గమనించారు. ఏ బాధా లేనివారికి ఏటా ఈ పరీక్షలు చేసినందువల్ల మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. కనుక ప్యాకేజీ పేరుతో అమ్మే ప్రతి పరీక్షా రక్షణ అనుకోవద్దు.

చేయగలిగినవి రెండున్నాయి. ఒకటి, ఒంటి మాట వినడం. కడుపు ఉబ్బరం, రెండు ముద్దలకే కడుపు నిండినట్టుండటం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం రావడం. ఇవి కొత్తగా మొదలై నెలలో పన్నెండు రోజులకు మించి కనిపిస్తుంటే గ్యాసని, వయసని సరిపెట్టుకోకుండా స్త్రీవైద్యురాలి దగ్గరికి వెళ్ళాలి. మా అక్క ఆరు నెలలు జీలకర్ర నీళ్ళు తాగింది. రెండోది, కుటుంబంలో రొమ్ము క్యాన్సరో, అండాశయ క్యాన్సరో ఒకరికి మించి ఉంటే వైద్యుడికి చెప్పడం. మేరీ క్లెయిర్ కింగ్ 1990లో ఆచూకీ తీసిన బి.ఆర్.సి.ఎ.-1 అనే జన్యువు, 1995లో గుర్తించిన రెండోది, తల్లి నుంచే కాదు తండ్రి నుంచి కూడా వస్తాయి. సామాన్యంగా స్త్రీకి జీవితకాలంలో నూటికి ఒకటికి కొంచెం పైగా ఉండే ప్రమాదం మొదటి జన్యువులో లోపం ఉన్నవారికి నలభై దాకా పోతుంది. అటువంటివారికి ముందుజాగ్రత్త ఆపరేషన్ గురించి ఆలోచించే అవకాశం ఉంది.

అమెరికా లెక్కల ప్రకారం అండాశయానికే పరిమితమైనప్పుడు కనిపెడితే నూటికి తొంభైమందికి పైగా అయిదేళ్ళు దాటుతున్నారు. దూరం పాకాక అది ముప్ఫై పైచిలుకు. చిక్కేమిటంటే, అంత ముందుగా కనిపెట్టబడేవారు అయిదుగురిలో ఒకరే.

అక్కకు చెన్నైలో రెండోసారి పొట్ట తెరిచారు. ఇరవైకి పైగా ముక్కలు పరీక్షకు వెళ్ళాయి. ఫలితాలు రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజుల్లో నేను ఆఫీసులో ఏ ఫైలు మీద సంతకం పెట్టానో నాకు గుర్తులేదు. అన్నీ శుభ్రంగా వచ్చాయి. అప్పుడు వైద్యుడు నన్ను పిలిచి, "ఇప్పుడు చెబుతున్నాను, తొలిదశే" అన్నాడు. తిత్తి పగిలినందుకు ఆరు విడతలు మందు ఇచ్చారు. అయిదేళ్ళ గడువు దాటి చాలా కాలమైంది. ఇప్పుడు హోసూరులో మనవడికి ఎక్కాలు చెబుతోంది, తెలుగులో.

మొన్న వెళ్ళినప్పుడు పాత కాగితాల కట్ట విప్పి నా ముందుపెట్టింది. "ఇవి పారేద్దామా?" అని అడిగాను. "ఉండనీ. వాటి పక్కన తెలుగులో నాలుగు మాటలు రాసిపెట్టు. రేపు ఇంకెవరికైనా వస్తే, నాలాగా నీకు ఫోను చేసేదాకా ఆగకుండా, ఆ ఆడమనిషే చదువుకొని అడగవలసింది అడుగుతుంది" అంది.

అక్క చెప్పిన పని ఇక్కడికి చేశాను. అడగవలసినవి మళ్ళీ రాస్తున్నాను, కత్తిరించి పెట్టుకోండి. తిత్తిలో గట్టి భాగం ఉందా? అనుమానం ఉంటే క్యాన్సర్ శస్త్రవైద్యుడికి ముందే చూపించాలా? దాన్ని పగలకుండా తీస్తారా? పొట్ట కడిగిన నీరు పరీక్షకు పంపుతారా? ఏ దశ, వెతికి చెబుతున్నారా, చూసి చెబుతున్నారా?